సాంబయ్య గారి రివాల్వర్ వయసు

జగ్గయ్యపేటలో సాంబయ్య గారింట్లో ఏ గొడవైనా ఎక్కువసేపు సాగేది కాదు. గొడవ మొదలవగానే ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్ళేవాడు. బీరువా తాళం తీసిన చప్పుడయ్యేది. బయటికొచ్చి రివాల్వర్‌ను భోజనాల బల్ల మీద పెట్టేవాడు. ఎవరి మీదికీ ఎత్తేవాడు కాదు, గురిపెట్టేవాడు కాదు. ఊరికే పెట్టేవాడు, కళ్ళజోడు తీసి పెట్టుకున్నంత తీరిగ్గా. ఇక ఆపైన నోరెత్తే మొనగాడెవడండీ? తమ్ముడు వాటాల మాట మింగేసేవాడు. భార్య పుష్పవతి అయితే కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగేది కాదు.

అలాగని ఆవిడేమీ నోట్లో నాలుక లేని మనిషి కాదు. ఆవిడ గొంతు వినపడితే కూరగాయల బండివాడు అడక్కుండానే రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేవాడు. వీధి వీధంతా ఆవిడకి జడిసేది. ఆవిడ మాత్రం ఆ ఇనుపముక్కకి జడిసేది.

ఏటా దసరాకి ఆయుధ పూజ ఉండేది. పీట మీద కొడవళ్ళు, పలుగులు, స్ప్రేయరు, వాటన్నిటి మధ్యలో పెళ్ళికొడుకులా రివాల్వర్. పుష్పవతి చెయ్యి బారెడు చాచి, మొహం పక్కకి తిప్పుకుని, దానికి తడి పసుపు రాసి బొట్టు పెట్టేది. "మెల్లగా పెట్టవే, అది నాకంటే కోపిష్టిది" అనేవాడు సాంబయ్య, మీసాల్లో నవ్వుకుంటూ. ఆవిడ గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కునేది.

దీనికి తోడు ఎలక్షన్లు. ఎలక్షన్లు వచ్చాయంటే లైసెన్సు ఉన్న తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి. సాంబయ్య ఇస్త్రీ పంచె కట్టి, రివాల్వర్‌ను కొత్త తువ్వాల్లో చుట్టుకుని, నడిబజారు మీదుగా నడిచి వెళ్ళి ఇచ్చొచ్చేవాడు. సర్కారు వాళ్ళంతటి వాళ్ళే రసీదు రాసిచ్చి మరీ దాచుకుంటున్నారంటే అదెంత ప్రమాదమైన వస్తువయ్యుండాలి! పుష్పవతి లెక్క అదీ. ఎవరు కాదనగలరు?

కూతురు అక్షయ నందిగామలో స్టీవెన్ అనే స్కూలు మాస్టర్ని చేసుకుంటానని చెప్పిన రోజున కూడా రివాల్వర్ బల్ల మీదికొచ్చింది. అక్షయ దాన్ని చూసి కూడా లెక్కచేయకుండా బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పుడు సాంబయ్య భార్య వైపు తిరిగాడు. "అది వెళ్తే వెళ్ళింది. నువ్వు గనక నందిగామ గడప తొక్కావంటే, నీతో నేను మాట్లాడను. ఇదే మాట్లాడుద్ది."

పుష్పవతి తొక్కలేదు. నందిగామ ఏమన్నా కాశీయా? హైవే మీద బస్సెక్కితే చిల్లకల్లు టోల్‌గేటు దాటి ఓ కునుకు తీసేలోపు వచ్చేస్తుంది. అయినా వెళ్ళలేదు. మనవరాలు పుట్టింది, వెళ్ళలేదు. పిల్ల బళ్ళో చేరింది, వెళ్ళలేదు. ఆ ఇంట్లో నందిగామ మాటే ఎత్తకూడదు. మొదట్లో అక్షయ ఫోన్ చేసేది. ఈవిడ బీరువా వైపు చూస్తూ, "మళ్ళీ చేస్తాలే" అని పెట్టేసేది. మళ్ళీ చేసింది లేదు. కొన్నాళ్ళకి ఆ ఫోన్లూ ఆగిపోయాయి.

చివరికి సాంబయ్యకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఏడాదిపాటు మంచంలో తీసుకుని, మొన్న మాఘమాసంలో పోయాడు. ఆ రోజు అక్షయ, స్టీవెన్ వచ్చి పందిరి చివర కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న పుష్పవతి తల ఎత్తలేదు.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి సాంబయ్య తమ్ముడి కొడుకు నవీన్‌బాబు వచ్చాడు. "పెద్దమ్మా, లైసెన్సు ఉన్న మనిషి పోయాక అది ఇంట్లో ఉండకూడదు. స్టేషన్‌లోనన్నా ఇవ్వాలి, డీలరు దగ్గరన్నా పెట్టాలి. నందిగామలో భవానీప్రసాద్ గారని తుపాకుల షాపాయన ఉన్నాడు. అసలిది ఎప్పటిదో, ఎంత చేస్తుందో కూడా చెప్తాడు. పాతవాటికి కలెక్టర్లు లక్షలిచ్చి కొంటారంట."

"కలెక్టరు గారికి ఇదేం కర్మరా? ఆయనకి పోలీసులున్నారుగా."

"ఆ కలెక్టరు కాదు పెద్దమ్మా. పాత వస్తువులు పోగుచేసేవాళ్ళు."

"పాత వస్తువులు పోగుచేసేవాడు నాకు తెలుసులే. సైకిల్ మీదొచ్చి ఉల్లిపాయలిస్తాడు" అంది పుష్పవతి. కానీ షాపు ఏ ఊళ్ళో అన్నావని వాణ్ణి మళ్ళీ అడిగి, నందిగామ అన్న మాట ఇంకోసారి చెప్పించుకుంది.

స్టేషన్‌లో చెప్పి, కాగితం రాయించుకుని, మర్నాడే కారులో బయల్దేరారు. తువ్వాల్లో చుట్టిన రివాల్వర్ వెనక సీట్లో పుష్పవతి పక్కనే ఉంది. ఆవిడ దారంతా తలుపుకి అతుక్కుని కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "రామ రామ, మెల్లగారా నాయనా" అని రాముణ్ణి, నవీన్‌నీ కలిపి తలుచుకుంది.

భవానీప్రసాద్ సౌమ్యమైన మనిషి. తువ్వాలు విప్పి, భూతద్దం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నట్టుండి రివాల్వర్‌ను మధ్యకి విరిచేశాడు.

"అయ్యయ్యో, విరిచేసారండీ!" అని కేకపెట్టింది పుష్పవతి.

"ఇది ఇలాగే తెరుచుకుంటుందమ్మా. కూర్చోండి." ఆయన మళ్ళీ భూతద్దంలోకి వంగాడు. "ఇంగ్లండు సరుకు. ఈ ముద్రలూ, ఈ పిడి వంపూ చూస్తే పద్దెనిమిది వందల తొంభైల నాటిది. నూట ముప్పై ఏళ్ళ మనిషండీ ఈయన."

"మా ముత్తాతకి దొర ఇచ్చాడంటారండి" అన్నాడు నవీన్, గొంతులో లక్షలు పలికిస్తూ. "ఎంతొస్తుందంటారు?"

"అదే చెప్పలేనండి. మన దగ్గర దీన్ని లైసెన్సున్నవాడే కొనాలి. అందులోనూ పాతవంటే పిచ్చి ఉన్నవాడు దొరకాలి. దొరికితే అదృష్టం, దొరక్కపోతే తూకం ఇనుము. వీటికి వయసే విలువండి."

"వయసే విలువైతే అరవై దాటిన నన్నెవరూ అడగరేం?" అంది పుష్పవతి. బెరుగ్గా ఉన్నప్పుడు ఆవిడకి ఇలాంటి మాటలే వస్తాయి.

భవానీప్రసాద్ నవ్వి, గోటితో ఎక్కడో గీకాడు. పచ్చగా పొట్టు రాలింది. "ఇదేంటమ్మా, పసుపా?"

"పూజ చేసేవాళ్ళమండి. ఏటా."

"పూజ చేసి చేసి తుప్పు పట్టించారు. దీనికి పాత నల్లటి మెరుపు ఉండాలి. అడిగేవాళ్ళు ముందు చూసేది అదే. తడి పసుపు దాన్ని తినేసింది."

నవీన్ పెద్దమ్మ వైపు కొరకొరా చూశాడు. ఆవిడకి మాత్రం, ఎందుకో తెలియదు, లోపల కాస్త హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళూ తనని తిన్నదాన్ని తన పసుపూ కొంచెం తిన్నదన్నమాట.

అంతలో ఆయన రివాల్వర్ మూసి, గోడ వైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కాడు. పుష్పవతి రెండు చేతులతో చెవులు మూసుకుంది. టక్‌మంది, అంతే.

"భయపడకండమ్మా. ఇది పేలదు."

"తూటాలు లేవు గనక."

"ఉన్నా పేలదండి. ఇటు చూడండి. తూటాని వెనక నుంచి కొట్టడానికి ఇక్కడ చిన్న మొన ఉండాలి. ఎవరో ఆకురాయి పెట్టి అరగదీసేశారు. అరగదీసిన చోట కూడా పాత రంగు పట్టిందంటే ఏ యాభై ఏళ్ళ కిందటి పనో. మీ పెళ్ళికి ముందే అయ్యుండాలి."

పుష్పవతికి ఆ మాటలు చెవిలోకి వెళ్ళాయి గానీ లోపల ఎక్కడా కూర్చోలేదు. "అదేంటండీ, అలా ఎలా? మరి స్టేషన్‌లో ఎందుకు దాచుకునేవాళ్ళు? రసీదు ఎందుకిచ్చేవాళ్ళు?"

"లైసెన్సులో రివాల్వర్ అని ఉందిగా. ఎలక్షన్లలో అన్నీ పెట్టమంటారు. పేలుద్దా, లేదా అని ఎవరూ నొక్కి చూడరమ్మా."

"మా ఆయనకి తెలుసంటారా?"

భవానీప్రసాద్ ఇబ్బందిగా కదిలాడు. "చేతిలో ఉంచుకున్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటదమ్మా?"

రివాల్వర్‌ను అక్కడే ఉంచి, రసీదు తీసుకుని ఇద్దరూ బయటికొచ్చారు. పుష్పవతికి కోపం రావాలో, నవ్వు రావాలో, ఏడుపు రావాలో తెలియలేదు. తెలియకుండా పెట్టేవాడేమో బల్ల మీద. తెలియకపోతే వెర్రివాడు. తెలిసి పెట్టాడా? తెలిసి పెడితే ఎవడు? తను వండిపెట్టింది, మందులిచ్చింది, ఒళ్ళు తుడిచింది ఎవరికి? చచ్చిపోయిన మనిషిని నిలదీసి అడిగే దారి లేదే! ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. మళ్ళీ మరుక్షణమే, పాపం చెయ్యి పడిపోయిన మనిషి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే మంట పుట్టింది.

"నవీనూ, అక్షయ ఇల్లు నీకు తెలుసా?"

వాడు తాళాలు చేతిలో ఆడిస్తూ నీళ్ళు నమిలాడు. "తెలుసు పెద్దమ్మా. అప్పుడప్పుడూ వెళ్తుంటా."

"వెళ్తుంటావా! ఓరి నీ... సరే, పద."

"ఏడాది తిరక్కుండా నువ్వు ఎవరింటికీ వెళ్ళకూడదంటారుగా?"

"పద అన్నానా?"

తలుపు తీసింది స్టీవెన్ తల్లి జయమణి, రిటైరైన టీచరు. ఒక్క క్షణం పోల్చుకోలేక చూసి, వెంటనే "రండి వదినగారూ, లోపలికి రండి" అంది.

"ఏడాది కాలేదండి. నేను గుమ్మంలోనే..."

"మాకా పట్టింపుల్లేవండి. రండి" అని చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టి, "అక్షయా, మీ అమ్మగారు" అని కేకేసి, తను పెరట్లోకి తప్పుకుంది.

అక్షయ వంటింట్లోంచి తడి చేతులతో వచ్చి ఆగిపోయింది. లావయింది. చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు. పుష్పవతి దారిలో అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయి, ఒక్కటే బయటికొచ్చింది.

"అది పేలదంట, అక్షయా!"

"ఏది?"

"మీ నాన్న రివాల్వర్. ఇప్పుడే చూపించాం. పేలదంట!"

"అవును, పేలదు" అంది అక్షయ. "ఇప్పుడేమయింది?"

పుష్పవతి ముందుకి జరిగింది. "నీకు తెలుసా?"

"చిన్నప్పుడు దాన్ని చూసి నేను ఏడిస్తే, నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా చేతే నొక్కించాడు. తాతయ్య అరగదీయించాడంట, నాన్నకి కోపమెక్కువని." అక్షయ తల్లి మొహంలోకి చూసింది. "ఇంట్లో అందరికీ తెలుసనుకున్నా. నీకు..." ఆమె మాట నెమ్మదించింది. "నీకు తెలీదా?"

"నాకెవరు చెప్పారే?"

అక్షయ ఎదురు కుర్చీలో కూలబడింది. "నిజంగానే దానికి భయపడి రాలేదా నువ్వు?"

"మరి ఎందుకనుకున్నావు?"

"నీకిష్టం లేకనుకున్నా. నాన్నది ఉత్తుత్తి బెదిరింపని అమ్మకీ తెలుసు, రావాలనుకుంటే వచ్చేది, రాలేదంటే నేను వద్దు అనుకున్నానమ్మా. ఫోన్ చేసినప్పుడల్లా పెట్టేసేదానివి. అందుకే మానేసా." ఆమె గొంతు గట్టిపడింది. "పోనీ, భయమే అనుకుందాం. నాన్న చెయ్యి పడిపోయిందిగా. చెంచా ఎత్తలేని మనిషి అయిపోయాడుగా. అప్పుడెందుకు రాలేదు?"

మంచంలో ఉన్న మనిషిని వదిలి ఎలా రాను, అనబోయింది పుష్పవతి. ఆ మాటకి ఎవరూ తప్పుపట్టరు. కానీ పక్కింటావిడని కూర్చోబెట్టి ఆవిడ బ్యాంకుకి వెళ్ళింది, పెళ్ళిళ్ళకి వెళ్ళింది, కంచికచర్ల దాకా వెళ్ళి చీరలు కూడా తెచ్చుకుంది. నందిగామ మీదుగానే.

"అప్పటికి దాన్ని చూసి కాదే, నిన్ను చూసి భయమేసింది. ఇన్నేళ్ళు రాకుండా ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రాను? తలుపు మొహాన వేస్తావేమోనని."

"వేసేదాన్నే" అంది అక్షయ. "నాన్న పోయిన రోజు నువ్వు తలెత్తి చూడలేదే, ఆ రోజే అనుకున్నా, ఎప్పుడన్నా వస్తే వేసేద్దామని."

బయట నవీన్ హారన్ కొట్టాడు. అక్షయ లేచి, కళ్ళు చీర కొంగుతో గట్టిగా తుడుచుకుంది. "పాప ఇంకాసేపట్లో స్కూల్నించి వస్తుంది. ఉంటావా, వెళ్ళిపోతావా?"

"ఉంటానే. వాణ్ణి పొమ్మను." పుష్పవతి చీర సర్దుకుంది, జుట్టు సర్దుకుంది, మళ్ళీ చీర సర్దుకుంది. పిల్ల గుమ్మంలోకి రాగానే ఏమని పిలవాలా అని మనసులో వెతుక్కుని, ఎంత వెతికినా దొరక్క, కూతురి వైపు సిగ్గుతో చూసింది.

"అక్షయా, దాని పేరేంటే?"