స్వచ్ఛందంగా

2001 జనవరి. కాఫీ పళ్లు కోతకొచ్చిన రోజులు. విశాఖ మన్యంలో టైడా దగ్గరి ఒక కొండ ఊరి నుంచి ఫల్గుణను పోలీసులు పట్టుకుపోయారు. అడవిలో తిరిగేవాళ్లకు అన్నం పెట్టాడని అనుమానం. తొమ్మిదో రోజున అతని భార్య గంగ, మిషన్ బడి టీచరు సుజానాను వెంటబెట్టుకుని ఔట్‌పోస్టుకు వెళ్లింది. గంగకు చదువు రాదు. అర్జీ సుజానాయే రాసిపెట్టింది.

గుమ్మం దగ్గర కానిస్టేబులు సుజానా సంచి లాక్కుని బల్ల మీద బోర్లించాడు. గొడుగు, టిఫిన్ బాక్సు, అర్జీ, నీలం అట్ట నోటుపుస్తకం పడ్డాయి. సుజానా చప్పున పుస్తకం మీద చెయ్యి వేయబోయింది. విశాఖలోని ఒక పత్రికకు పంపాలని తొమ్మిది నెలలుగా రాస్తున్న కథ అందులో ఉంది. అటునుంచి అటే వెళ్లి పోస్టు చేద్దామని తెచ్చింది. ఇంట్లో పెట్టి రావలసింది.

ఎస్సై సర్వేశ్వరరావు అర్జీని పక్కకు నెట్టి పుస్తకం తెరిచాడు. పైకే చదివాడు.

"'ఆ రాజ్యంలో ఎవరూ చనిపోరు, సర్దుబాటు అవుతారు. ఊళ్లు తగలబడవు, శుభ్రపడతాయి. ఏడుపుకు అక్కడ మాట లేదు. ఎవరి కళ్లలోనైనా నీరు కనిపిస్తే పరికరంలో లోపం అని రాసుకుంటారు.'" తలెత్తాడు. "ఏటిది టీచరుగారూ? ఏ రాజ్యం?"

"లేని రాజ్యం సార్. కథ."

"కథైతే మామూలుగా రాయొచ్చు కదా. చచ్చారంటే చచ్చారని."

సుజానా చేతులు కొంగులో దాచుకుంది. "నేనైతే అలాగే అంటాను సార్. ఆ రాజ్యం వాళ్లు అనరు. మనిషిని పరికరం అనుకునేవాళ్లు ఎలా మాట్లాడతారో అలా రాశాను. వాళ్లు దేనికి విలువిస్తారో, దేనికి ఇవ్వరో ఆ మాటల్లోనే తెలిసిపోతుంది."

గోడవారన నిలబడ్డ గంగ ఇదంతా వింటోంది. ఒక్కసారిగా ముందుకొచ్చింది.

"బాబూ, మా ఆయన్ని సర్దేసినారేటి?"

కానిస్టేబులు కిటికీ వైపు తిరిగాడు. ఎస్సై మొహం నల్లబడింది.

"నోర్ముయ్! బతికే ఉన్నాడు."

గంగ అక్కడే నేల మీద కూలబడింది.

కాసేపటికి ఎస్సై ఒక తెల్ల కాగితం సుజానా ముందుకు తోశాడు. "మీ రాత బావుంది, మీరే రాయండి. సదరు ఫల్గుణ స్వచ్ఛందంగా ఔట్‌పోస్టుకు విచ్చేసి, విచారణకు సహకరించి, సంపూర్ణ ఆరోగ్యంతో తిరిగి వెళ్లుచున్నాడు. కింద మీ సంతకం, ఆవిడ వేలిముద్ర."

"ముందు అతన్ని చూపించండి సార్."

"ముందు రాయండి."

సుజానా కలం తీసి ఆగింది. కథలో ఇలాంటి వాక్యాల కోసం తను ఎన్నిసార్లు కొట్టేసి మళ్లీ రాసిందో. ఈయనకు తడుముకోకుండా వచ్చేశాయి. కాదని లేచిపోతే లోపలున్న మనిషి ఏమవుతాడు? గంగ ఆమె చేతినే చూస్తోంది. సుజానా రాసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. సంతకం చేసి, గంగ చేత వేలిముద్ర వేయించింది.

ఎస్సై నోటుపుస్తకాన్ని సొరుగులో పడేసి తాళం వేశాడు.

ఫల్గుణ గోడకు భుజం ఆనించుకుంటూ బయటికొచ్చాడు. రోడ్డెక్కాక సుజానా నీళ్ల సీసా ఇస్తే పట్టుకోలేకపోయాడు. గంగే అతని నోట్లో పోసింది. పోస్తూనే అడిగింది.

"కాయితంలో ఏటి రాసినావు టీచరమ్మా?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. "తనంతట తనే వచ్చాడని రాశాను. ఒంటి మీద దెబ్బ లేదని రాశాను."

"అబద్దం రాసినావా?"

"రాశాను."

గంగ సీసా మూత బిగించింది. "మరైతే ఊళ్లో నిజం సెప్పాల. అందరి ముందూ."

ఆ సాయంత్రం ఊరంతా గంగ వాకిట్లో చేరింది. రేపు ఈ మాట ఔట్‌పోస్టుకు చేరుతుందని సుజానాకు తెలుసు. అయినా లేచి నిలబడింది.

"పోలీసులు ఫల్గుణ కాళ్లు కట్టి ఈడ్చుకెళ్లారు. తొమ్మిది రోజులు కొట్టారు. వాళ్లు కొట్టలేదని నేనే భయపడి రాసిచ్చాను."

"గోళ్లు పీకినారు. అది కూడా సెప్పండి," అన్నాడు ఫల్గుణ.

సుజానా అది కూడా చెప్పింది.