చక్రం వెనక దిమ్మ

మా వీధిలో బండి మూడు రోజులకు మించి ఒకేచోట నిలిస్తే నగరంవాళ్లు ఎత్తుకుపోతారు. టైరు మీద సుద్దగీత గీసి వెళ్తారు. మళ్లీ వచ్చినప్పుడు గీత అక్కడే ఉంటే బండి తుక్కుకు పోతుంది. మామూలు బండయితే పోతే పోయిందనుకోవచ్చు. మావి ఇళ్లు. పొయ్యి, పడక, చలికోట్లు, చనిపోయినవాళ్ల ఫొటోలు, అన్నీ అందులోనే.

అందుకని సియాటిల్ దక్షిణపు కొసన, గోదాముల వెనక ఉన్న మా వరుసలో తోపుడు రోజు అని ఒకటి ఉండేది. పొద్దున్నే కాఫీ తాగి అందరం బయటికి వచ్చేవాళ్లం. నడిచే బండ్లను నడిపేవాళ్లం. నడవని ఇంటిబండ్లను తోసేవాళ్లం, వీధి ఈ పక్క నుంచి ఆ పక్కకు. మూడో రోజు మళ్లీ ఆ పక్క నుంచి ఈ పక్కకు. ఎవరి బండి అని చూసేవాళ్లం కాదు. నిన్న పోట్లాడుకున్నవాళ్లు కూడా పక్కపక్కనే భుజం ఆనించేవాళ్లు.

నా పని దిమ్మ. నేను ఐడహో కొండల్లో గొర్రెలు కాచినవాణ్ని. మా నాన్న కాలంలో గొర్రెలబండి ఎత్తు ఎక్కేటప్పుడు వెనక చక్రం వెంట ఒక చెక్కదిమ్మను ఈడ్చుకుపోయేవారు. గుర్రాలు అలసి ఆగితే బండి వెనక్కి జారకుండా దిమ్మ మీద ఆగేది. ఆ మంద అమ్ముడుపోయాక నేను ఈ ఊరికొచ్చి చేపల గోదాములో చేరాను. వారం అద్దెకు గదులిచ్చే పాత హోటల్లో ఉండేవాణ్ని. దాన్ని పడగొట్టి అద్దాల మేడ కట్టారు. అప్పటినుంచి నా ట్రక్కులోనే పడక. దిమ్మ మాత్రం వదల్లేదు.

వరుసలో అందరికన్నా పెద్ద బండి డెలోరిస్ ప్రూయిట్‌ది. ఆమె ఈ ఊరి బస్సు నడిపిన మనిషి. ఆల్డర్ కొండ మీదికి వెళ్లే బస్సు. ఆమె అద్దెకున్న ఇల్లూ ఆ కొండ మీదే. ఇంటి యజమాని చనిపోతే ఆయన కొడుకు ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు అడిగిన అద్దెకు ఆమె పింఛను మొత్తం ఇచ్చినా చాలదు.

"నేను ఇల్లు వదల్లేదు నాయనా. ఇల్లే నన్నొదిలేసి డబ్బున్నోళ్లతో లేచిపోయింది," అనేది.

ఆ చలికాలం మమ్మల్ని ఆ వీధి నుంచి పూర్తిగా ఖాళీ చేయిస్తారని తెలిసింది. అప్పుడు ఆల్డర్ కొండ మీది చర్చి పాస్టరమ్మ లూసిండా ముందుకొచ్చింది. ఆమె చర్చి పక్కన పెద్ద ఖాళీ స్థలం ఉంది. ఆదివారం తప్ప అక్కడ కాకులు తిరుగుతాయి. మా బండ్లు అక్కడ పెట్టుకోమంది. నీళ్లు, కరెంటు ఇస్తానంది. సుద్దగీతలుండవు. కొండ మీద ఇళ్లున్నవాళ్ల సంఘం ఒప్పుకోలేదు. సభ పెట్టారు.

మేమూ వెళ్లాం. మాట్లాడదలచుకున్నవాళ్లకు తలా రెండు నిమిషాలు. సంఘం పెద్ద హాగ్లండ్ లేచాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా.

"నాకూ జాలుందండీ. కానీ ఇది ఇళ్ల సమస్య కాదు. మత్తు సమస్య. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లంతా మన పిల్లలాడుకునే చోట..."

చప్పట్లు కొట్టారు. నా పక్కన చూయ్ పళ్లు నూరాడు. మెక్సికో నుంచి వచ్చిన మెకానిక్కు, మా వరుసలో అన్ని ఇంజన్లకూ వైద్యుడు.

"ఓరిన్ అన్నా, నువ్వు లెయ్యి. నేను లేస్తే తిట్లే వస్తాయి."

నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. అయినా లేచాను.

"మా కొండల్లోనూ తాగుబోతులున్నారు. మా బాబాయే ఒకడు. కానీ రాత్రికి ఇంట్లో పడుకునేవాడు. అక్కడ గది చవక," అన్నాను.

ఇంకేం చెప్పాలో తెలియక కూర్చున్నాను. గడియారంలో రెండు నిమిషాలూ దాదాపు అలాగే మిగిలాయి. వెనక వరసలో ఎవరో చిన్నగా నవ్వారు. డెలోరిస్ మాత్రం లేవలేదు. హాగ్లండ్ ముఖం వైపే చూస్తూ కూర్చుంది.

బయటికొచ్చాక చూయ్ అడిగాడు. "పెద్దమ్మా, నువ్వు ఆ కొండదానివేనని చెప్పొచ్చుగా?"

"ఆయన నా బస్సే ఏళ్ల తరబడి ఎక్కాడురా. నన్ను గుర్తుపట్టలేదు. డ్రైవరు ముఖం ఎవరు చూస్తారు? వీపు చూస్తారు. నేనే చెప్పుకుని గుర్తుచెయ్యాలా?"

ఓటుకు పెడితే చర్చి స్థలం నెగ్గింది, ఒక్క ఓటు తేడాతో. కాని హాగ్లండ్ ఊరుకోలేదు. రెండు షరతులు పెట్టించాడు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఎవరు చేరితే వాళ్లే. ఆ తర్వాత గేటు మూత. పైగా లారీ మీద ఎక్కించి ఏ బండినీ తేకూడదు, తుక్కు పోగవుతుందని. మా బండ్లలో సగం కదలవని ఆయనకు తెలుసు.

చూయ్ వారమంతా బండ్ల కింద పడుకునే ఉన్నాడు. ఒక్కొక్కటే దగ్గి, పొగ కక్కి, లేచింది. గురువారానికి డెలోరిస్ బండీ, నా ట్రక్కూ తప్ప అన్నీ కొండ ఎక్కేశాయి. మనుషులు మాత్రం బండ్లు పైన పెట్టి నడిచి కిందికొచ్చేశారు, డెలోరిస్ బండి మిగిలిందని. శుక్రవారం పొద్దున చూయ్ దాని కిందనుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"పెద్దమ్మా, ఇంజను పోయింది. పూర్తిగా."

"పోయిందా? ఆత్మశాంతికి ఏమన్నా పాడమంటావా?" అంది. ఆ రోజు సాయంత్రానికి వీధి ఖాళీ చేయించే లారీలు వస్తాయి. ఆమె బండి అక్కడే ఉంటే తుక్కుకే.

నేను దిమ్మ తీసుకొచ్చి ఆమె వెనక చక్రం దగ్గర పెట్టాను. అందరూ వచ్చి బండి వెనక చేరారు.

"పిచ్చెక్కిందా మీకు? అది వీధి కాదు, కొండ!" అంది డెలోరిస్.

"తోపుడు రోజే కదా పెద్దమ్మా. కాస్త దూరం ఎక్కువ, అంతే," అన్నాడు చూయ్.

చదునులో బాగానే సాగింది. కొండ మొదట్లో నా ట్రక్కును ముందు పెట్టి గొలుసు కట్టాం. చూయ్ నడిపే ట్రక్కు లాగుతుంటే, మనుషులు తోస్తుంటే, సన్నటి వానలో మెల్లగా ఎక్కాం. అగ్నిమాపక కేంద్రం మలుపు దాకా వచ్చేసరికి నా ట్రక్కు క్లచ్ కాలిన వాసన. పొగ. ఆగిపోయింది.

దిమ్మ పడేశాను. బండి వెనక్కి వంగి, దిమ్మ మీద కూర్చుంది. చెక్క కిర్రుమంది. లోపల డెలోరిస్ రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడింది. ఇంజను లేని బండికి బ్రేకూ సగమే.

"దిమ్మ పట్టిందా?" అని అరిచింది.

"పట్టింది!"

"ఇదే నిట్టనిలువు. ఇది దాటితే బేకరీ దగ్గర చదునొస్తుంది. వానలో బస్సు కూడా ఇక్కడే ఏడ్చేది."

ట్రక్కును గోడవారకు నెట్టేశాం. మళ్లీ భుజాలు ఆనించాం. నాలుగడుగులు, దిమ్మ. మూడడుగులు, దిమ్మ. తర్వాత ఒకటే అడుగు. బూట్లు జారుతున్నాయి. ఒకామె కూర్చుండిపోయి దగ్గడం మొదలుపెట్టింది. పన్నెండు దగ్గరపడుతోంది. మా వెనక కొండ కిందిదాకా కార్లు ఆగిపోయాయి. హారన్లు. సరిగ్గా మా వెనక ఆగింది కొండ బస్సు.

డ్రైవరు కిందికి దిగాడు. గెటాచూ అని, ఇథియోపియావాడు.

"ఏంటండీ ఇది? నా బస్సులో మనుషులున్నారు!" అంటూ ముందుకొచ్చి కిటికీలోకి చూసి ఆగిపోయాడు. "అమ్మా! మీరా?"

"నేనే నాయనా. నీకు ఈ మలుపు నేర్పింది నేను కాదూ? ఇప్పుడు నేనే అడ్డం పడ్డాను."

గెటాచూ వెనక్కి వెళ్లి బస్సు తలుపులు తెరిచి, లోపలికి తలపెట్టి గట్టిగా చెప్పాడు. "అయ్యలారా, అమ్మలారా! ముందున్న బండి ఎక్కితేనే మనం ఎక్కుతాం. అందులో ఉన్నది నాకు బస్సు నేర్పిన మనిషి. బలమున్నవాళ్లు దిగండి. లేనివాళ్లు అరవండి."

మొదట ఆసుపత్రి బట్టల్లో ఉన్న ఒకమ్మాయి దిగింది. "నాకు డ్యూటీకి ఆలస్యమవుతోంది. ఎక్కడ తొయ్యాలి?" అంది. ఆమె వెనక సంచులు మోసుకున్న ఒక ముసలాయన. కాలేజీ పిల్లలు. ఇటుకల పని చేసే ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల వీపులు చూస్తే నాకు ధైర్యమొచ్చింది. నిలబడలేని ఒకావిడ బస్సు మెట్టు మీద కూర్చుని "ఒకటి! రెండు!" అని లెక్క మొదలుపెట్టింది.

అప్పుడే బస్సు వెనక కారు దిగి వచ్చాడు హాగ్లండ్. పన్నెండింటికి గేటు దగ్గర ఉండాలని బయల్దేరినవాడు మా వెనకే ఇరుక్కున్నాడు.

"దారిచ్చి పక్కకు జరపండి దీన్ని! ఇది చట్టవిరుద్ధం!"

"ఇంత పెద్దదాన్ని ఏ పక్కకు జరుపుతాం సారూ? ఒక పక్క గోడ, ఒక పక్క లోయ," అన్నాడు చూయ్ చెమట తుడుచుకుంటూ.

డెలోరిస్ కిటికీలోంచి తల బయటపెట్టింది. "హాగ్లండ్ గారూ, ఎడమవైపు మూడో సీటు మీదే కదా. వాన పడితే గొడుగు సీటు కింద మరిచిపోయేవారు. ఎన్నిసార్లు దాచి ఇచ్చాను? ఎక్కడి నుంచో వచ్చినదాన్ని కాదండీ నేను. మిమ్మల్ని రోజూ ఈ కొండెక్కించినదాన్ని."

ఆయన ఆమె ముఖం చూశాడు. మొదటిసారి అనుకుంటాను, ఎదురుగా చూడడం.

నాకు దిమ్మ పడేయడానికి మనిషి కావాలి. నా భుజం కూడా బండికి కావాలి. చెయ్యి పట్టి ఆయన్ని దిమ్మ దగ్గర నిలబెట్టాను.

"నా అభిప్రాయం మారలేదు," అన్నాడు.

"మీ అభిప్రాయం మీ ఇష్టం. దిమ్మ మాత్రం చక్రం వెనకే ఉండాలి," అన్నాను.

తోశాం. వెనకే మెల్లగా వస్తున్న బస్సు మెట్టు మీంచి ఆవిడ లెక్క పెట్టింది. బండి కదిలింది. ఒక అడుగు, దిమ్మ. రెండడుగులు, దిమ్మ. హాగ్లండ్ ఇస్త్రీ చొక్కాతో బురదలో వంగి దిమ్మ జరుపుతున్నాడు. ఒకసారి ఆలస్యమైతే నేను అరిచాను. ఆయన తిరిగి నన్ను అరిచాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

బేకరీ చదును వచ్చింది. లోపలివాళ్లు పిండిచేతులతో బయటికొచ్చి కలిశారు. ఇక బండిని మేం తోస్తున్నామో, అదే మమ్మల్ని లాక్కుపోతోందో తెలియలేదు. మా వరుసవాళ్లు, బస్సువాళ్లు, కొండవాళ్లు, అంతా కలిసిపోయారు. ఎవరి చెయ్యి ఎవరిదో చూసే తీరికెవరికి?

చర్చి గేటు దగ్గర పాస్టరమ్మ లూసిండా రెండు చేతులూ ఊపుతూ నిలబడింది. చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలైంది. గంట ఆగేలోపే డెలోరిస్ బండి వెనక చక్రాలు గేటు దాటాయి. హాగ్లండ్ ఇంకా దిమ్మ పట్టుకునే ఉన్నాడు.

డెలోరిస్ చేతిబ్రేకు లాగింది. లేచి, తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడి గొంతెత్తింది. "ఆఖరి స్టాపు! అందరూ చూసుకుని దిగండి. గొడుగులు మరిచిపోకండి!"

కేకలు కొండంతా వినిపించాయి. ఇటుకల అన్నదమ్ములు ఎవరినో భుజాలకెత్తుకున్నారు. ఆసుపత్రి అమ్మాయి ఏడుస్తూ బస్సువైపు పరుగెత్తింది, ఆలస్యమవుతోందని. గెటాచూ హారన్ పాటలా వాయిస్తూ పైకి వెళ్లిపోయాడు. హాగ్లండ్ గేటు మూయలేదు. దిమ్మ నా చేతికిచ్చి, బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుని, డెలోరిస్‌కు తల వంచి, నడుచుకుంటూ కిందికి, తన కారు దగ్గరికి వెళ్లాడు.

నా ట్రక్కునూ ఆ సాయంత్రమే, మూయని ఆ గేటులోంచి తోసుకొచ్చాం. మూడో రోజు పొద్దున్నే అందులో నాకు మెలకువ వచ్చింది. దిమ్మ చంకన పెట్టుకుని బయటికొచ్చాను. చూస్తే అందరూ బయటే ఉన్నారు. చూయ్ చేతులు రుద్దుకుంటున్నాడు. ఎవరో అప్పుడే డెలోరిస్ బండికి భుజం ఆనించారు కూడా.

ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. టైర్ల మీద సుద్దగీతలు లేవు.

డెలోరిస్ తలుపు తీసింది. "ఏమయ్యా గొర్రెలకాపరీ, నా ఇంటిని ఎక్కడికి తోస్తావు? ఆ దిమ్మ ఇటు తే. మెట్టు ఎత్తుగా ఉంది, నా మోకాలికి అందడం లేదు."

దిమ్మను ఆమె మెట్టు కింద వేశాను. కదలకుండా కూర్చుంది. ఆమె దాని మీద కాలుపెట్టి దిగి, మాకు కాఫీ పోసింది.