గట్టిపడని చాక్లెట్

పొద్దుటి నుంచి మార్లిస్ గ్యారేజీ తలుపు తెరవలేదు.

పుదీనా సారం కలిపి కాల్చిన పల్చటి బిస్కెట్లను ఫోర్కు మీద పెట్టి, కరిగిన చాక్లెట్‌లో ముంచి, ట్రేలో దించుతోంది. చలికాలంలో, అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో ఏ ఇంట్లోనైనా ఆ ట్రేలు గ్యారేజీలోకి వెళ్తాయి. అక్కడి చలికి పూత ఇట్టే బిగుస్తుంది. మార్లిస్ మాత్రం వాటిని వంటింటి కిటికీ గట్టు మీదే ఉంచింది. ఓవెన్ వేడికి చాక్లెట్ జిగటగానే ఉంది.

మర్నాడు రోడ్డు మలుపులో ఉండే ఎల్డన్ అంత్యక్రియలు. ప్రార్థన అయ్యాక చర్చి నేలమాళిగలో భోజనాలు. "ఆయనకి నీ పుదీనా బిస్కెట్లంటే ప్రాణం, అవే తెచ్చిపెట్టు" అని అతని భార్య లావోన్ ఫోన్లో ఏడ్చింది. మంగళవారం సాయంత్రం మంచు కురుస్తుండగా ఎల్డన్ కుక్కను వెతుక్కుంటూ రోడ్డెక్కాడు. ఏదో బండి గుద్ది, ఆగకుండా పోయింది.

అదే సాయంత్రం మార్లిస్ భర్త ఆర్విడ్ ఇంటికొచ్చి, జింకను గుద్దానని, ట్రక్కు లైటు పగిలిందని చెప్పాడు. ఆ ఊళ్ళో జింకను గుద్దని బండి లేదు. ఆమె నమ్మింది. తెల్లారి ఎల్డన్ కబురు తెలిశాక గ్యారేజీలోకి వెళ్ళి ట్రక్కును చూసింది. జింక తగిలితే బండి ముందుండే జాలీలో వెంట్రుకలు చిక్కుకుంటాయి. అక్కడ చిక్కుకున్నది ఎర్ర ఉన్ని దారం. ఎల్డన్ టోపీది. దాన్ని పొయ్యిలో వేసి కాల్చేసింది.

ఆర్విడ్‌కి ఏమీ తెలియదు, గుద్దింది జింకనేనని ఇప్పటికీ నమ్ముతున్నాడు. కళ్ళలో పొరలు వచ్చాయి, చీకటిపడ్డాక బండి తీయొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. జైలు సంగతి తర్వాత. తాను చంపింది చిన్ననాటి స్నేహితుణ్ణని తెలిస్తే ఆ ముసలాయన గుండె ఆగిపోతుంది.

వాకిట్లో బూట్ల చప్పుడయింది. మార్లిస్ అక్క కొడుకు ట్రాయ్, పోలీసు యూనిఫాంలో.

"బూట్లు అక్కడే విప్పు. నా నేల పాడుచేయకు."

"పోలీసుని బూట్లు విప్పమనేది నువ్వొక్కదానివే పిన్నీ."

"మీ అమ్మ నేర్పలేదుగా మరి."

ట్రాయ్ నవ్వి ఒక బిస్కెట్ తీసుకున్నాడు. వేళ్ళకు చాక్లెట్ అంటుకుంది. "ఇదేంటి, గ్యారేజీలో పెట్టలేదా?"

"ఎలుకలు తిరుగుతున్నాయిరా."

"బోను పెట్టించు మరి." వేళ్ళు నాక్కుంటూ అన్నాడు. "ఎల్డన్ పడినచోట లైటు ముక్క దొరికింది పిన్నీ. పాత ట్రక్కుదిలా ఉంది. ఇల్లిల్లూ తిరుగుతున్నా. బాబాయి ఏడీ?"

"కునుకు తీస్తున్నారు. లేపకు, రాత్రంతా నిద్రలేదు."

"సరే, మళ్ళీ వస్తాలే."

ఒక బూటు వేసుకున్నాడు. మార్లిస్ ఊపిరి పీల్చుకుంది. అప్పుడే ముందు గదిలోంచి ఆర్విడ్ గొంతు వినిపించింది.

"ట్రాయ్ గాడేనా? ఒరేయ్, ఎలాగూ వచ్చావు, ఆ జింక నా ట్రక్కునేం చేసిందో చూసిపో. బీమావాళ్ళు పోలీసు కాగితం అడుగుతారు."

ట్రాయ్ చెయ్యి రెండో బూటు మీదే ఆగిపోయింది.

"ఎప్పుడు గుద్దావు బాబాయ్?"

"మంగళవారం. ఎల్డన్ వాళ్ళ మలుపులో. రోడ్డు మధ్యలో నిలబడింది వెధవది, హారన్ కొట్టినా కదలదే!"

"ఆయనకి రోజులు గుర్తుండవురా" అంది మార్లిస్.

"ఎందుకుండవే? ఆ రోజు నువ్వు చేప మాడ్చావు కూడా!"

ట్రాయ్ పిన్ని ముఖంలోకి చూశాడు. ఆమె చాక్లెట్ గిన్నెలోకి చూసింది. అతను మెల్లగా ఒక ట్రే అందుకున్నాడు.

"ఇది గ్యారేజీలో పెట్టొస్తాలే పిన్నీ."

"ఎలుకలని చెప్పాను కదరా..."

అతను తలుపు తీశాడు. చలి వంటింట్లోకి దూసుకొచ్చింది. చాలాసేపు తిరిగి రాలేదు. వచ్చినప్పుడు తన పోలీసు టోపీ చేతిలో ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీకు తెలుసు కదా పిన్నీ?"

మార్లిస్ తలూపింది. "ఆయనకి నేను చెప్తాను. స్టేషన్‌కి వెళ్ళే దార్లో. నన్ను ఆయన పక్కన కూర్చోనీ."

ట్రాయ్ కాదనలేదు.

ఆమె చేతులు కడుక్కుని, కోటు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. ఆర్విడ్ కుర్చీలోంచి అయోమయంగా చూశాడు.

"ఎక్కడికే? అంత్యక్రియలు రేపు కదా?"

"రేపేలెండి" అంది మార్లిస్. "ఆ చెయ్యి ఇటివ్వండి. బయట చలిగా ఉంది."