ఎడమ చక్రం

"బ్రేకులకేం కాలేదు సార్. అమ్మగారు కంగారులో సరిగా తొక్కి ఉండరు, అంతే."

గ్యారేజీ యజమాని ఈ మాట నాతో అనలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నా తల మీదుగా, వెనక నిలబడ్డ మా అబ్బాయితో అన్నాడు. మా అబ్బాయి నిట్టూర్చి తల ఊపాడు. కుడివైపు దీపం పగిలిన నా కారు మాకు నాలుగడుగుల దూరంలో ఉంది.

జరిగింది ఇది. ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు ఈ గ్యారేజీలోనే వేయించాను. మా వీధి చివరే ఉన్న ఆ గ్యారేజీ నుంచి ఇంటికి తెచ్చి నిలిపిన కారును మూడో రోజున బయటికి తీసి, మా ఆడపడుచును పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రి వాలు దిగుతూ బ్రేకు తొక్కాను. ఇనుమును ఇనుముతో గీకిన చప్పుడు వచ్చింది. వేగం తగ్గీ తగ్గకుండా కారు కుడివైపుకు లాగేసింది. గేరు దించి, చేతి బ్రేకు పైకి లాగి, రోడ్డు పక్కన ఉన్న ఇసుక కుప్పలోకి కారును తిప్పాను. ఆ కుప్ప దాటితే బస్టాపు. అక్కడ ఏడుగురు నిలబడి ఉన్నారు. వారిలో ఒకామె చంకలో బిడ్డ ఉంది.

ఆ సాయంత్రమే మా అబ్బాయి గోడ కొక్కానికి ఉన్న తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. "ఇంక చాలమ్మా" అన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందని ఎవరూ అడగలేదు. డెబ్బై ఒకటో ఏడు వచ్చిన ఆడమనిషి స్టీరింగు ముందు ఉంటే, తప్పు ఎక్కడుందో వెతకవలసిన పని లేదని లోకం ముందే తీర్మానించుకుని ఉంటుంది. నలభై ఏళ్లుగా కారు నడుపుతున్న నేను ఆనాటి నుంచి మందుల దుకాణానికి వెళ్లాలన్నా ఒకరి తీరిక కోసం కాచుకుని కూర్చుంటున్నాను.

"మా బావమరిది కారు కోసం చూస్తున్నాడు సార్. ఇక్కడే వదిలేయండి, కాగితాలన్నీ మేమే చూసుకుంటాం. ఈ వయసులో అమ్మగారికి ఎందుకీ తలనొప్పి?" అన్నాడు యజమాని.

"కారు నా పేరున ఉంది. లైసెన్సు నా సంచిలో ఉంది. చెవులు రెండూ పనిచేస్తున్నాయి. నాతో మాట్లాడండి," అన్నాను.

"అయ్యో, కోప్పడకండమ్మా. టీ తెప్పించనా?"

"వద్దు. నా కారుకు చేసిన పని రాసిపెట్టిన జాబ్ కార్డు తెప్పించండి."

మా అబ్బాయి వంగి నా చెవి దగ్గర, "అమ్మా, ఇక్కడ గొడవెందుకు?" అన్నాడు.

"ఇంట్లో అయితే నువ్వు వినవు కనుక."

ఆరోజు బెణికి కట్టుకట్టిన మణికట్టును ఒళ్లో పెట్టుకుని నా పక్క కుర్చీలో కూర్చున్న మా ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

కార్డు వచ్చింది. యజమాని దాన్ని నా చేతికిచ్చి, ఒక గడి మీద వేలు పెట్టాడు. "చూడండి, ట్రయల్ రన్ ఐదు కిలోమీటర్లు. టిక్కు కూడా ఉంది. మేం నడిపి చూడకుండా బండి బయటికి పంపం."

"ఈ రాత ఎవరిది?"

"నాదే. ప్రతి కార్డూ నేనే రాస్తాను."

"అయితే పైన రెండు గళ్లు చదవండి. గట్టిగా."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "లోపలికి వచ్చినప్పుడు మీటరు నలభై ఒక్క వేల రెండొందల ఎనభై ఆరు. డెలివరీ అప్పుడు..." అని ఆగాడు.

"చదవండి."

"నలభై ఒక్క వేల... రెండొందల ఎనభై ఆరు."

"ఐదు కిలోమీటర్లు తిరిగినా మీటరు కదలని కారు నా దగ్గర ఉందని నాకే తెలియదు."

బిల్లు కోసం వరుసలో ఉన్న టాక్సీ డ్రైవరు పకపకా నవ్వాడు. "బాగా పట్టారు పెద్దమ్మా! నా బండికి ఏం టిక్కులు పెట్టారో నేనూ చూసుకోవాలి." అంటూ తన కార్డు తిరగేసి చూడసాగాడు.

యజమాని ముఖం ఎర్రబడింది. "ట్రయల్ వేరు, బ్రేకు వేరమ్మా. బండి కుడికి లాగిందన్నారుగా? కుడి చక్రమే విప్పి చూపిస్తా. అందరూ చూడండి!"

నెరిసిన మీసాల మెకానిక్ జాకీ పెట్టి కుడి చక్రం విప్పాడు. లోపల అంతా సవ్యంగానే ఉంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కు అద్దంలా మెరుస్తోంది. యజమాని చేతులు దులుపుకుని మళ్లీ మా అబ్బాయి వైపు తిరిగాడు. "చూశారుగా సార్?"

"ఇప్పుడు ఎడమది విప్పండి," అన్నాను.

"లాగింది కుడికైతే ఎడమది ఎందుకమ్మా?"

"నా కాలు రెండు చక్రాలనూ ఒకేసారి తొక్కుతుంది. కుడి చక్రం ఆగింది, ఎడమది ఆగలేదు. అందుకే కారు ఆగిన చక్రం వైపుకు తిరిగింది. మీ కుడి బ్రేకు బాగుందని మీరే పదిమందికి చూపించారు. ధన్యవాదాలు. ఎడమది విప్పండి."

యజమాని కదలలేదు. మెకానిక్ మాత్రం ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఎవరి అనుమతీ అడగకుండా జాకీని ఇటువైపుకు ఈడ్చుకొచ్చాడు.

బ్రేకు ప్యాడ్‌కు రెండు ముఖాలుంటాయి. ఒకవైపు ఇనుప పలక, రెండోవైపు డిస్కును పట్టి ఆపే మందపాటి పూత. పూత ఉన్న ముఖం డిస్కువైపు ఉండాలి. డిస్కుకు అటూ ఇటూ ఉండే రెండు ప్యాడ్లలో లోపలిదాన్ని మెకానిక్ బయటికి తీశాడు. ఇనుప ముఖం గీతలు పడి తెల్లగా మెరుస్తోంది. పూత ఉన్న ముఖం కొత్తగా, డిస్కును ఒక్కసారి కూడా తాకకుండా అలాగే ఉంది. డిస్కు లోపలి వైపున దున్నిన చాళ్లు.

"తిరగేసి పెట్టాను," అన్నాడు మెకానిక్, ప్యాడ్ వైపే చూస్తూ. "ఆరోజు ఆరు బళ్లున్నాయి. నడిపి చూస్తే తెలిసిపోయేది. నాదే తప్పమ్మా."

"సగం మీది. నడపకుండా టిక్కు పెట్టిన సగం మీది కాదు," అన్నాను.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "పొరపాటు జరిగింది సార్..."

"ఎవరితో అంటున్నారు?"

"పొరపాటు జరిగిందమ్మా."

"ఆ ముక్క కార్డు మీద రాసి సంతకం పెట్టండి. ప్రతి కార్డూ మీరే రాస్తారుగా."

రాశాడు. అక్షరాలు ఈసారి కొంచెం చిన్నవిగా ఉన్నాయి. నేను ఆ కార్డును మా అబ్బాయికిచ్చి, రెండో చెయ్యి చాపాను. వాడు కార్డు రెండుసార్లు చదివాడు. జేబులో చెయ్యి పెట్టాడు కానీ బయటికి తీయలేదు.

"ఇవాళ్టికి నేను నడుపుతాలేమ్మా."

"ఇచ్చెయ్యరా," అంది మా ఆడపడుచు. "ఆరోజు పక్కన కూర్చున్నది నేను. మీ అమ్మ కాలు బ్రేకు మీదే ఉంది. గాల్లో ఉన్నవి నా ప్రాణాలు."

"అదేంటత్తా, ఈ సంగతి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నన్నెవరు అడిగారు? చెయ్యి నొప్పిగా ఉందా అని మాత్రం పదిమంది అడిగారు."

తాళంచెవి నా అరచేతిలోకి వచ్చింది. వాడి జేబు వేడి ఇంకా దానికి ఉంది. "తప్పయిందమ్మా," అన్నాడు నెమ్మదిగా. నేను తల ఊపాను. అంతకంటే ఎక్కువ ఊరట వాడికి ఇవ్వాలని నాకు అనిపించలేదు.

ముందు చక్రాలకు కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు పడేసరికి మధ్యాహ్నమైంది. ప్రతి బోల్టూ బిగిసేదాకా పక్కనే నిలబడి చూశాను. మెకానిక్ ఒక్కొక్క ప్యాడ్‌ను పెట్టే ముందు నావైపు తిప్పి చూపించాడు.

తరువాత పక్క సీటు తలుపు తెరిచి పట్టుకుని, "ఎక్కండి," అన్నాను యజమానితో.

"నేనెందుకమ్మా? కావాలంటే మెకానిక్‌ని..."

"ఐదు కిలోమీటర్ల టిక్కు పెట్టింది మీరు."

"పదండి సార్, ఆలస్యమెందుకు!" అని, తన బండి చక్రాలు కూడా విప్పించి చూసుకుంటున్న టాక్సీ డ్రైవరు కేకేశాడు. మా ఆడపడుచు, అబ్బాయి అప్పటికే వెనక సీట్లో సర్దుకున్నారు.

ఆసుపత్రి వాలు మొదట్లో యజమాని సీటు బెల్టును మరోసారి లాగి చూసుకున్నాడు. వాలు దిగుతుండగా ఆయన కుడికాలు తన ముందున్న నేలను గట్టిగా తొక్కుతోంది.

"మీ వైపు బ్రేకు లేదండీ," అన్నాను. "నా వైపే ఉంది."

బస్టాపుకు పది గజాల ముందు తొక్కాను. కారు ఎటూ లాగకుండా ఆగింది.