ఇంటికప్పులు దాటిన అత్తయ్య

పొద్దున్నే నర్సమ్మ నీళ్ళు పట్టి, టిఫిన్ డబ్బా సర్దుకునేసరికి అత్తగారు పెరట్లో కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలుస్తూ ఉండేది. పిడికెడంత మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు. నోరు మాత్రం ఊరంత.

"డబ్బా మూత గట్టిగా పెట్టావా? నిన్న కూరంతా నీ ఆసుపత్రి కోటే తాగింది."

"పెట్టానత్తయ్యా. మీరు చెప్పాక పెట్టకపోతే బతకనిస్తారా?" అంటూ నర్సమ్మ బస్సుకి పరిగెత్తేది.

ఆమె పని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో. ఒకప్పుడు ఆ వార్డులో కత్తిపోట్లు లేని రోజుండేది కాదు. వచ్చేవాళ్ళంతా మీసాలు సరిగ్గా మొలవని కుర్రాళ్ళు. అందరూ రైలుపట్టాలకి ఇవతలి పేటవాళ్ళే, అంటే నర్సమ్మ పేటవాళ్ళే. పట్టాలకి అవతల మేడల్లోవాళ్ళు గుండెనొప్పులతో వచ్చేవారు గానీ కత్తిపోట్లతో ఎన్నడూ రాలేదు. పొడిచినవాడూ పడినవాడూ చిన్నప్పుడు ఒకే కుళాయి దగ్గర కొట్టుకుని కలిసిపోయినవాళ్ళే అయ్యుండేవారు. వెనకాలే వాళ్ళ అమ్మలు వచ్చి, లోపలికి రావడానికి కాళ్ళాడక, గుమ్మం పట్టుకుని నిలబడేవారు.

వంతెన అవతలి ఊళ్ళో నర్సమ్మ చెల్లెలిదీ ఇదే ఉద్యోగం. అక్కడా ఇంతే జనం, ఇంతే బీదరికం. కానీ ఆ వార్డులో కత్తిపోటు వస్తే వింతగా చెప్పుకునేవారు.

"మీ ఊళ్ళో జనానికి కోపాలు రావా ఏంటే?" అని అడిగింది నర్సమ్మ ఒకసారి ఫోన్లో.

"రాకేం అక్కా, ముక్కు మీదే ఉంటాయి. కాకపోతే ఇద్దరు కలబడితే పదిమంది అడ్డం పడతారు. పోలీసులు పిలిస్తే పలుకుతారు. మీ దగ్గర తలుపులేసుకుంటారు. ఒకడు పోయాక వాడి తమ్ముడు బయల్దేరతాడు. ఇంక దానికి అంతెక్కడ?"

నర్సమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమె భర్త అలాగే పోయాడు. వ్యాను అడ్డంగా పెట్టాడని మాటామాటా పెరిగి, బొంతలు కుట్టే ఆవిడ కొడుకు పట్టపగలు పొడిచాడు. వీధి పొడవునా కిటికీలు టపటపా మూసుకున్నాయి. నర్సమ్మ డ్యూటీలో ఉండగానే తన మొగుణ్ణి తన వార్డుకే తెచ్చారు, ఆలస్యంగా.

ఆ దుఃఖంలోనే అత్తగారు పెరగడం మొదలుపెట్టింది.

పేటలో ఎవడైనా చంపే ఉద్దేశంతో కత్తి పట్టాడా, ఆవిడ చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి లేచేది. లేచిన మనిషి లేస్తూనే ఉండేది. గోడ దాటి, కప్పులు దాటి, నీళ్ళ ట్యాంకు ఎత్తుకి వెళ్ళేది. పుణ్యానికి బట్టలు కూడా ఆవిడతో పాటే పెరిగేవి, లేకపోతే పేట పరువు పోయేదే. అంత ఎత్తులో నోరు పెగిలేది కాదు. కత్తి ఎటుంటే అటు మొహం తిప్పి నిలబడేది. ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. కడుపుకోత అనుకున్నారు. కరెంటాయన మాత్రం స్తంభం మీంచి, "తీగలు చూసుకో అత్తయ్యా!" అని కేకేసేవాడు.

మొదట్లో జనం మిద్దెలెక్కి చూసేవారు. అది చూసి నర్సమ్మకి ఒళ్ళు మండింది.

"మా అత్తయ్య మీరు చూడ్డానికి పెరగలేదు. రమ్మనడానికి పెరిగింది!" అని నడివీధిలో అరిచి, ఆవిడ చూస్తున్న వైపు ఒక్కతే పరిగెత్తింది. ఆ రోజు వెనకాల మెకానిక్కు వచ్చాడు. తర్వాతిసారి డ్రిల్లు మాస్టారు, బేకరీ వాళ్ళు. అందరికంటే ముందు బొంతలావిడ వచ్చేది, చేతిలో సూదితోనే. ఆవిడా నర్సమ్మా పక్కపక్కనే పరిగెత్తేవారు. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. "అత్తయ్య లేచింది!" అంటే చాలు, పొయ్యి మీద పాలు పొంగినా సరే జనం గుంపుగా వచ్చి పడేవారు. అంతమంది ముందు కత్తి పట్టుకుని నిలబడ్డం ఎంతటివాడికైనా నామోషీ. ఫోన్ చేసినా కదలని పోలీసు జీపు కూడా అత్తయ్య తల చూసి రావడం నేర్చుకుంది.

వార్డులో మంచాలు ఖాళీ అయ్యాయి. నర్సమ్మ తలెత్తుకుని నడిచేది.

బొంతలావిడ కొడుకు శిక్ష ముగించుకుని ఇంటికొచ్చాడని ఒక ఆదివారం తెలిసింది. మధ్యాహ్నం నర్సమ్మ అన్నం వారుస్తుంటే వంటింట్లో పెళపెళమని చప్పుడైంది. అత్తగారి తల పైకప్పు రేకుల్ని ఎత్తేసింది.

నర్సమ్మ బయటికి ఉరికి పైకి చూసింది. అత్తగారు ఏ వీధి వైపూ చూడటంలేదు. తల వంచి తమ పెరట్లోకే చూస్తోంది.

పెరట్లో నర్సమ్మ కొడుకు, వెల్డింగు షాపులో పనిచేసే పిల్లాడు, ఇనపముక్కకి పదును పెడుతున్నాడు.

"ఒరేయ్ నాన్నా, అది కింద పెట్టు."

"తప్పుకో అమ్మా. ఊళ్ళో అందరిళ్ళకీ పరిగెత్తావు. నాన్న పడిపోయినప్పుడు ఎవరొచ్చారు చెప్పు?"

నర్సమ్మ తప్పుకోలేదు. వాడు అడిగినదాంట్లో తప్పు మాత్రం లేదు.

అప్పుడు గోడ అవతల కాళ్ళ చప్పుడు వినిపించింది. బేకరీ వాళ్ళు పిండి చేతులతో, మాస్టారు చెప్పుల్లేకుండా, మెకానిక్కు స్పానరుతో. పెరడు నిండిపోయింది. ముందు బొంతలావిడ. అలవాటు కొద్దీ పరిగెత్తుకొచ్చిన మనిషి, ఎవరిల్లో చూశాక గానీ ఎవరి మీదికో ఆమెకి తట్టలేదు. వెళ్ళిపోలేదు. వగరుస్తూ కుర్రాడి ముందుకొచ్చి నిలబడింది.

"ఆ రోజు నేనూ తలుపేసుకున్నాను బాబూ," అంది. "వాడు నా కొడుకని తెలిసే వేసుకున్నాను. ఇవాళ వెయ్యను."

 అత్తగారు పైనుంచి చెయ్యి దించింది. మంచమంత చెయ్యి. మనవడి నెత్తి మీద దూదిలా ఆనించింది. కుర్రాడు ఇనపముక్క వదిలేసి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

నర్సమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని తిప్పితిప్పి చూసింది. మసీ, పాత కాలిన మచ్చలూ తప్ప ఇంకేం లేవు. ఎన్ని నెత్తుటి చేతులు కడగలేదు ఆమె ఆ వార్డులో! ఇలాంటి చేతులు చూసి ఎన్నాళ్ళయింది! "నా కొడుకు," అంది అందరికీ వినపడేలా. బొంతలావిడ కొడుకుని ఆమె క్షమించలేదు. క్షమించిందని ఎవరైనా అంటే ఇప్పటికీ విరుచుకుపడుతుంది. వాడు ఎదురైతే తలతిప్పుకుంటుంది. వాడు మాత్రం బతికి ఉన్నాడు, తల్లి దగ్గర బొంతలు మోస్తూ.

అత్తగారు ఆ రోజు తగ్గింది గానీ పూర్తిగా తగ్గలేదు. ఇంట్లో అందరికంటే జానెడు పొడుగ్గా ఉండిపోయింది. లోపలికొస్తూ నుదురు కొట్టుకుని, "మీ తాత కట్టించిన గుమ్మం, ఆయన బుద్ధిలాగే పొట్టి," అని తిట్టిపోసింది. మనవడు నవ్వు ఆపుకుంటూ టేపు తెచ్చి నానమ్మని నిలబెట్టి కొలిచాడు. మర్నాడు పనికి సెలవు పెట్టి, పాత ద్వారబంధం ఊడగొట్టి, ఎత్తుగా కొత్తది బిగించాడు.

"ఇంకో బెత్తెడు పైకెత్తరా," అంది నర్సమ్మ కింద నుంచి. "మీ నానమ్మ తల వంచుకుని రాకూడదు."