దర్జీల సందుకు దారి

పొద్దున ఎనిమిదయ్యేసరికి టాక్సీ అక్క కారెక్కి, బెల్టు పెట్టుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అదే ఆమె ఉద్యోగం. కారు దానంతటదే నడుస్తుంది. ఎక్కడైనా పొరబడితేనే ఆమె స్టీరింగు పట్టుకోవాలి. పద్దెనిమిదేళ్లు టాక్సీ తోలిన మనిషి కదా, మొదటివారం అవసరం లేకపోయినా కాలు ఊరికే బ్రేకు మీదికి పోయేది. పోనుపోను ఆ కారంటే ముచ్చటేసింది. విసుక్కోదు, హారన్ మోగించదు, ముసలివాళ్లు రోడ్డు దాటుతుంటే ఎంతసేపైనా ఆగుతుంది.

"మీ బావకంటే దీనికే ఓపికెక్కువ," అని చెల్లెలితో నవ్వేది.

ఆ ఓపిక చూసే కారు కంపెనీవాళ్లు మురిసిపోయి, వచ్చే సోమవారం నుంచి సీట్లో మనిషి అక్కర్లేదన్నారు.

ఈలోగా గురువారం చెల్లెలి మొగుడు ఫోన్ చేశాడు. "వదినా, నొప్పులు మొదలయ్యాయి! ఇక్కడ ఒక్క బండీ దొరకట్లేదు!"

చెల్లెలి ఇల్లు దర్జీల సందులో. ఆ సందు ఒకచోట నిలిచే రకం కాదు. వారానికోసారి ఇళ్లూ, కుట్టుమిషన్లూ, ఆరేసిన బట్టలతో సహా కదిలి ఇంకో వీధి పక్కన చేరుతుంది. పోస్టుమాన్ ముందు వాకబు చేసుకుని గానీ సైకిలెక్కడు.

"ఇవాళ ఎక్కడున్నారు?"

"ఇప్పుడే కదిలింది వదినా. కిటికీలోంచి పసుపుగోడ కనబడుతోంది!"

"గోడ రంగెందుకు నాయనా, వీధి పేరు చెప్పు!"

ఫోన్ కట్టయింది.

కారు ఆమెను సందు నిన్నటిదాకా ఉన్న చోటికి తీసుకెళ్లి, బ్యాంకు ప్రహరీ ముందు ఆగి, "గమ్యం చేరుకున్నాం," అంది తియ్యగా. మళ్లీ చెబితే ఒక చుట్టు తిరిగొచ్చి అదే ప్రహరీ ముందు నిలబడింది. ప్రమాదమొస్తే తప్ప స్టీరింగు ముట్టుకోకూడదని రూలు. అక్క రూలును పక్కనపెట్టి స్టీరింగు పట్టుకుంది. అద్దం దించి, ఇస్త్రీ చేస్తున్న పెద్దాయన్ని కేకేసింది.

"దర్జీల సందు ఇటొచ్చిందా బాబాయ్?"

"ఇందాకే మా వెనకాలనుంచి బడివైపు పోయిందమ్మా. మిషన్ల చప్పుడు విన్నా."

బడి గోడ పసుపే. దాని పక్కనే సందు. గుమ్మంలో చెల్లెలు నడుం పట్టుకుని మొగుణ్ణి తిడుతోంది. ఆమెను వెనకసీట్లో కూర్చోబెట్టారు.

"అక్కా, ముందు కూర్చోకు. నా పక్కనే ఉండు."

అక్క కారుకు ఆసుపత్రి పేరు చెప్పి వెనకసీట్లోకొచ్చింది. ఆసుపత్రి ఎక్కడికీ కదలదు కాబట్టి కారు తడుముకోలేదు. గుంతలన్నీ తప్పించుకుంటూ, కుదుపు తెలియకుండా తీసుకెళ్లింది. ఇన్నేళ్లలో ఎందరో నిండుచూలాళ్లను ఆసుపత్రికి చేర్చిన అక్క, వాళ్ల బాధను అద్దంలోనే చూసింది. చెయ్యి పట్టుకునే వీలు ఇవాళే దొరికింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

సాయంత్రం కంపెనీ ఇంజనీరు ఆసుపత్రికే వచ్చాడు. "పదకొండు నిమిషాలు స్టీరింగు పట్టుకున్నారు. కారణం రాయాలండీ."

"సందు కదిలింది."

అతను రాసుకుని, తల గోక్కున్నాడు. "మనం చెప్పినవన్నీ దానికొచ్చు. అడగడమే రాదు. మీరు నేర్పుతారా?"

"అదెంత పని!" అంది అక్క, పాపను భుజం మార్చుకుంటూ.

మూడు నెలలు పట్టింది. ఒక ఉదయం కారు టీకొట్టు ముందు ఆగి, తనే అద్దం దించి, "ఏమండీ, దర్జీల సందు ఎటెళ్లిందో చూశారా?" అంది.

కొట్టాయన గ్లాసు పక్కనపెట్టి, వంగి, చేతులు తిప్పుతూ మలుపు మలుపూ చెప్పాడు. "నిదానంగా వెళ్లమ్మా," అని కూడా అన్నాడు. లోపల అక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి. నవ్వు మాత్రం ఆగలేదు.