ఉప్పు చూడని కూర

తెల్లారకముందు నుంచీ చిక్కుడుకాయలు కోస్తున్న సోములమ్మ నడుము మధ్యాహ్నానికి గానీ నిటారు కాలేదు. అయిందో లేదో, చేలోనే పెట్టిన మూడు రాళ్ళ పొయ్యి ముందు మళ్ళీ వంగింది. కింద గెడ్డ వాగు ఒడ్డున పట్నం వ్యాను హారన్ కొడుతోంది. డుంబ్రిగుడ నుంచి వచ్చే రోడ్డు అక్కడితో సరి. ఆ రోడ్డు గొప్పతనం ఎంతంటే, కిందటి వానాకాలం ఒక గోతిలో దిగిన గేదె అందులోనే ఈనిందనీ, దూడ కూడా ఎదిగి పాలిస్తోందనీ జనం చెప్పుకుంటారు.

వ్యానులో వచ్చినవాళ్ళు తమ రైతుని చూసుకోవడానికి వచ్చారు. పట్నంలో నలభై ఇళ్ళవాళ్ళు విత్తనాలప్పుడే డబ్బు కట్టేస్తే, పంట వచ్చాక వారానికొక సంచి వాళ్ళ గుమ్మానికి చేరుతుంది. పండితే పంటలో భాగం, ఎండితే నష్టంలో భాగం అని కాగితంలో రాసి ఉంది. కార్తీకంలో పట్టిన ముసురుకి సోములమ్మ చోడిచేను కుళ్ళిపోతే, ఆ భాగం పంచుకోవడానికి మాత్రం ఎవరూ కొండ ఎక్కలేదు. ఈ ఏర్పాటు నడిపే ప్రేమ్‌కుమార్ బయట రాగులు కొని సంచులు నింపి, ఆ ఖర్చు ఆమెకి రావలసిన దాంట్లో కోసుకున్నాడు. పట్నంలో డెబ్భై పలికే కిలో చిక్కుడుకి ఆమె చేతికొచ్చేది పద్దెనిమిది.

ప్రతి సంచికీ ఆమె ఫొటో ఉన్న కార్డు కడతారు. ఆ ఫొటో తీసిన రోజు ఆమెకి పన్నుపోటు. మూతి వంకరపోతే, పట్నంలో దాన్ని చిరునవ్వనుకుని ముచ్చటపడ్డారు.

పక్కన బండమీద కూచుని కూతురు సరళ ఆ కార్డులే కడుతోంది. కాన్పుకని పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. రక్తం ఏడు దగ్గరే ఆగిపోయింది, పప్పులూ కాయలూ పెట్టమని నర్సమ్మ రెండుసార్లు చెప్పింది. గుడ్లు ఇచ్చే అంగన్‌వాడీ గెడ్డ అవతల. ఇంట్లో ఉన్నది రేషన్ బియ్యం, చింతపండు.

“అమ్మా, కూర వాసనకి లోపల గుంట తన్నతంది.”

“గుంటో గుంటడో నీకేటి తెలుసు? బేగి కట్టు.”

చేనంతా కాయే. అయినా కొత్తపండగ కాలేదు. కొత్త పంటని కొండదేవత జాకరమ్మకి పెట్టి పండగ చేశాకే మనుషులు నోట పెట్టాలి, లేకపోతే తప్పు. రోజు చెప్పేది ఊరిపెద్ద భీముడు. ఈ ఏడు ఆయన చేను ఆలస్యంగా వేశాడు. ఇంకా పువ్వు మీదే ఉంది. అందుకని జాకరమ్మకి కూడా ఆకలి వెయ్యలేదు. పండగ వచ్చే పున్నమికి జరిగింది. ప్రేమ్‌కుమార్ ఒక మేకపోతుని తెచ్చి భీముడి గుంజకి కట్టాక మాత్రం, పట్నంవాళ్ళకి కొత్త అనేది లేదు కాబట్టి వాళ్ళు తింటే తప్పూ లేదని తేలింది.

పదకొండుమంది ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు. అడ్డాకుల్లో అన్నం, చిక్కుడు కూర వడ్డించింది సోములమ్మ. బ్యాంకులో పనిచేసే ఉమామహేశ్వరి రెండో ముద్ద తిని, “ఏం రుచండీ! ఉప్పు కొంచెం తగ్గిందంతే” అంది.

“సూడకూడదమ్మా. సేతి అందాజాకి ఏసీసినాను. నోట్లో ఎట్టుకోనేదు.”

“వండినావిడే రుచి చూడలేదా?”

“వాళ్ళ ఆచారం మేడమ్” అన్నాడు ప్రేమ్‌కుమార్. “దేవతకి పెట్టందే ముట్టరు. మనం గౌరవించాలి.”

“ఎంత నిష్ఠో!” అంటూ ఉమామహేశ్వరి తలతిప్పి సరళ కడుపు చూసింది. “ఆ అమ్మాయి కూడానా?”

“అందరూనండి” అన్నాడతను.

ఆమె చెయ్యి ఆకులో కాసేపు ఆగింది. పారేస్తే పాపమనిపించి, మిగిలింది తల వంచుకుని తినేసింది.

అతిథులు ప్రేమ్‌కుమార్ వెంట దిగిపోయారు. సంచులు కిందికి దించే నలుగురు కావిళ్ళు సర్దుకుంటున్నారు. కుండలో సగం కూర మిగిలింది. గట్టుమీద కూచున్న భీముడు చుట్ట వెలిగించి, తవ్వి ఉంచిన గొయ్యి చూపించాడు.

“కోడలా, అందులో పారబోసి మన్నెట్టీ. కుక్క కూడా ముట్టకూడదు.”

సోములమ్మ కుండ ఎత్తింది. సరళ చూపు కుండ వెంటే నడిచింది. అది భీముడికీ కనిపించింది.

“మా తాత కాలంలో ఒకడు కొత్త అవకండా తినీసినాడే. కడుపులో గింజ మొలిసి, ముక్కులోంచి తీగొచ్చి ఇంటికప్పెక్కీసింది. తుమ్మితే కాయలే రాలీవి.”

కావిళ్ళవాళ్ళు నవ్వారు.

“మంచిదే కద మావా” అంది సోములమ్మ. “ముక్కున కాసినా కాయే. ప్రేమ్‌కుమార్ బాబు దానికీ పద్దెనిమిదిచ్చును.”

నవ్వు ఆగిపోయింది. ఆమె గొయ్యి దాకా వెళ్ళి నిలబడింది. మట్టి తడిగా, నల్లగా ఉంది. కుండలోంచి ఇంకా ఆవిరి వస్తోంది. వెనక్కి తిరిగి వచ్చి, కుండ కూతురి ముందు దింపి, కొత్త ఆకు పరిచింది.

“ఏటి సేత్తన్నావు?” భీముడు లేచాడు.

“అన్నం ఎడతన్నాను.”

“తప్పే!”

“పట్నపోళ్ళు తింటే రాని కోపం నా గుంట తింటే వస్తదేటి, మావా? వస్తే నా మీదకి రానీ. వండింది నాను.”

“ఊరు నిన్ను ఎలేసినట్టే. రేపు దీనికి నొప్పులొస్తే డోలీకి ఒక్క బుజం రాదు. గెడ్డెలా దాటిస్తావో సూద్దుం.”

సరళ చెయ్యి వెనక్కి వెళ్ళింది. సోములమ్మ కావిళ్ళవాళ్ళ వైపు చూసింది. వాళ్ళలో యర్రయ్య ఆమెకి వరసకి తమ్ముడు. అతను కావిడి బద్దని భుజమ్మీద ఒకటికి రెండుసార్లు సర్దుకున్నాడు. ముందున్నవాడు కదిలాక తనూ కదిలాడు. నలభై సంచులు ఊగుతూ కొండ దిగాయి. భీముడు ఊళ్ళోకి నడిచాడు.

చేలో తల్లీకూతుళ్ళే మిగిలారు.

“అమ్మా, డోలీకి ఎంతమంది కావాల?”

“నలుగురు. తిను.”

సరళ ముద్ద కలుపుతూ, ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది.

“నువ్వొకత్తివి. కబురెడితే సీలేరు నుంచి మా ఆయనొకడు. ఇంకిద్దరు.”

సోములమ్మ గరిటెతో కుండ అడుగు గీకి, ఆకులో ఇంకాస్త వేసింది.